ఎడమవైపు మెత్త

కోరుట్ల బస్టాండు ఎదుటి సందులో ఉన్న టోపీల దుకాణంలో అద్దం చిన్నది. ముఖం చూసుకుంటే మెడ కనిపించదు. ప్రేమ్‌కుమార్ ఆ అద్దం ముందు నిలబడి, నెత్తి మీది పాత కంపెనీ టోపీ తీయకుండానే కొత్త టోపీలు చూస్తున్నాడు.

"ఉన్నది తియ్యకుంట కొత్తది ఎట్ల సూసుకుంటవన్నా?" అన్నాడు దుకాణం అతను.

ప్రేమ్‌కుమార్ పక్కన నిలబడ్డ భాగ్యశ్రీ వంక చూశాడు.

భాగ్యశ్రీది గంభీరావుపేట. సిరిసిల్లలో చొక్కాలు కుట్టే చోట పనిచేస్తుంది. పెండ్లిచూపులకు వచ్చిన రోజున ఇతను తల వంచుకుని కూర్చున్నాడు, టోపీ మాత్రం తీయలేదు. వాళ్ళింటి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. "మస్కట్ అలవాటు, పోనియ్యిండ్రి" అని అతని మేనమామ బుచ్చన్న సర్దిచెప్పాడు. భాగ్యశ్రీ నవ్వలేదు. తర్వాత ఒకనాడు ఫోను చేసి ఒకటే మాట అడిగింది. "ఆ టోపీ కింద ఏమున్నది?"

"కోరుట్లకొస్తె సూపిస్త" అన్నాడు.

కోరుట్లలో ఆమె చిన్నమ్మ ఇల్లుంది. ఆ సాకుతో వచ్చింది.

"అన్నా, జర లోపట జూసి రాపో, మట్టిరంగుల ఏమన్న ఉన్నయేమో" అని దుకాణం అతణ్ణి లోపలికి పంపింది. అతను వెళ్ళగానే ప్రేమ్‌కుమార్ వైపు తిరిగింది.

"తియ్యి."

తీశాడు.

ఎడమ చెవి పైన అరచెయ్యి ఇమిడేంత గుంత. అక్కడ ఎముక లేదు. వెంట్రుకలు లేవు. సన్నటి చర్మం కింద నాడి కొట్టుకోవడం కంటికి కనిపిస్తుంది, పండుకున్న మేకపిల్ల డొక్క ఎగిరినట్టు. మస్కట్‌లో కడుతున్న బిల్డింగు పైనుంచి ఇనుప క్లాంపు జారి పడింది. చెమట తుడుచుకుందామని హెల్మెట్ తీసిన ఆ కాస్త సేపట్లోనే పడింది. డాక్టర్లు పగిలిన ఎముక తీసేసి ప్రాణం నిలిపారు. తర్వాత ఆ ఎముక బదులు రేకు వేస్తామన్నారు. ఆ తర్వాత అనేది రాకముందే కంపెనీవాళ్ళు విమానం ఎక్కించారు.

భాగ్యశ్రీ ముఖం తిప్పుకోలేదు. దగ్గరికి వచ్చి చూసింది.

"నొస్తదా?"

"నొయ్యది. ఏమన్న తగులుతదేమోనని భయం గంతే."

"మతి మంచిగున్నదా?"

"ఎక్కాలు అడుగు. పదిహేడోది గూడ చెప్త."

"నాకు రానిది నేనెట్ల అడుగుత?" అంది ఆమె. అప్పుడు నవ్వింది.

సంచిలోంచి టేపు తీసి అతని తల చుట్టూ పెట్టి కొలిచింది. చొక్కా కాలరు కొలిచినట్టే, మాట లేకుండా. కొలత చూసుకుని పాత టోపీని చేతిలోకి తీసుకుంది.

"ఇది నీకు చిన్నది. బిగవట్టి పెడుతున్నవ్. దొంగసొమ్ము మీద మూత పెట్టినట్టు కనవడుతున్నది."

దుకాణం అతను వచ్చేసరికి ప్రేమ్‌కుమార్ నెత్తి మీద మళ్ళీ పాత టోపీ ఉంది. అతను తెచ్చిన టోపీలను భాగ్యశ్రీ ఒక్కొక్కటే తిరగేసి లోపలి కుట్టు చూసి పక్కన పెట్టింది. పెద్ద అంచుల టోపీ ఒకటి దుకాణం అతను మెచ్చుకుంటూ ఇస్తే తల అడ్డంగా ఊపింది. "ఈయన మొఖం సన్నది. గంత అంచు పెడితె గొడుగు కింద కట్టె నిలవెట్టినట్టుంటది." చివరికి మట్టిరంగు టోపీ ఒకటి తేల్చింది. మందంగా ఉంది, చుట్టూ మూడు వేళ్ళ అంచు. కొలతకు ఒక సైజు పెద్దదే తీసుకుంది.

"పెద్దగున్నది గదా?" అన్నాడు అతను.

"ఆ పెద్దదానికి పనున్నది."

చిన్నమ్మ ఇంట్లో మిషన్ ఉంది. తన టిఫిన్ డబ్బా చుట్టుకొచ్చిన బట్టను భాగ్యశ్రీ విప్పింది. అది వాళ్ళ నాయిన పాత లుంగీ ముక్క, ఆకుపచ్చ గళ్ళది, ఉతికి ఉతికి మెత్తబడింది. దాన్ని మడతలు పెట్టి, నడుమ దూది కూరి, టోపీ లోపల ఎడమవైపు మెత్తలాగ కుట్టింది. గుంత మీద సరిగ్గా కూర్చునేట్టు కుట్టింది. పైనుంచి చూస్తే రెండువైపులా ఒక్కతీరుగా ఉంది. లోపలికి చూస్తేనే తెలుస్తుంది.

తానే అతని తల మీద పెట్టింది.

"కనుబొమ్మల మీద రెండు వేళ్ళు వదులు. జర కుడికి వంచు. ఎడమకు వంచితె ఆడ ఏదో దాస్తున్నవని తెలుస్తది. ఇంకోటి, మాటిమాటికి పట్టుకోకు. నువ్వు పట్టుకున్నవంటె అందరి కండ్లు ఆడికే పోతయి. నెత్తి మీద టోపీ ఉన్నదన్న సంగతే యాది లేనట్టు నడువాలె."

"మీ నాయినకు..."

"ఇప్పుడే చెప్పకు. జెప్తె లగ్గం కాదు. అయినంక నేను జెప్త, నేను తిట్లు తింట. నన్ను మస్తుమంది సూసిపోయిండ్రు. ఒక్కడన్న నా పని గురించి అడుగలే. నువ్వే అడిగినవ్, దినాం ఎన్ని కాలర్లు కుడుతవని. అప్పటిదాక ఎవ్వల ముంగట తియ్యకు."

బస్సెక్కేదాకా ప్రేమ్‌కుమార్ చెయ్యి రెండుసార్లు తల మీదికి పోయింది. రెండుసార్లూ ఆమె కన్నెర్ర చేసింది. కిటికీ పక్కన కూర్చున్నాక మళ్ళీ పోలేదు.

*

ప్రేమ్‌కుమార్ ఊరు కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నం పక్కన. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొకడు మస్కట్టో దుబాయో చూసివచ్చినవాడే. ఎవడు ఎట్లా తిరిగివచ్చాడో అందరికీ తెలుసు. ప్రేమ్‌కుమార్ తలకు కుట్లు పడ్డాయని ఊరికి తెలుసు. గుంత సంగతి మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుసు. మంచంలో ఉన్న తండ్రి మొండయ్య, తల్లి లక్ష్మవ్వ, అన్న నర్సింగం, వదినె వసంత. మేనమామ బుచ్చన్నకు కూడా కుట్లనే చెప్పారు. వచ్చిన కొత్తలో ఎండాకాలంలో కూడా మంకీ టోపీ పెట్టుకుని తిరిగితే పిల్లలు వెంటపడ్డారు. తర్వాత కంపెనీ టోపీ. ఇప్పుడు ఇది.

మొదటిరోజే హోటలు ముందు రాజం పట్టుకున్నాడు. రాజం పదేండ్లు దుబాయిలో ఉండి వచ్చినవాడు. చాయ్ తాగేవాళ్ళను నవ్వించడం తప్ప ఇప్పుడు వేరే పని లేదు.

"ఏం రో పేము, షేక్ దగ్గర ఒంటెలు కాసినవా? జీతం బదులు టోపీ ఇచ్చి పంపిండా?"

"కాసిన రాజం మామా. వాటిని నీకే అప్పజెప్పి అచ్చిన. నీ కోసం అడుగుతున్నయట."

బెంచీ మీదివాళ్ళు రాజాన్ని చూసి నవ్వారు. రాజం ఊరుకోలేదు.

"ఆ టోపీ కింద పిట్టలు గూడు పెట్టినయంటున్నరు, నిజమేనా? తియ్యిరా, గుడ్లున్నయేమో సూస్తం."

ప్రేమ్‌కుమార్ చెయ్యి లేవబోయి ఆగింది. చాయ్ గ్లాసు అందుకుంది. "పొదుగుతున్నయి మామా. పిల్లలయినంక నీకొకటిస్త."

మెల్లమెల్లగా ఊరు ఆ టోపీకి అలవాటు పడింది. కల్లు మండువ దగ్గర, పాల కేంద్రం దగ్గర, పసుపు చేను గట్టు మీద ఆ మట్టిరంగు టోపీ వస్తుంటే ప్రేమ్‌కుమార్ వస్తున్నాడని దూరం నుంచే తెలిసేది. అతని నడక మారింది. మెడ నిలబడింది. ఇంతకుముందు "కోరుట్లకు పోనా అన్నా?" అని అడిగేవాడు. ఇప్పుడు "కోరుట్లకు పోతున్న" అని చెప్పి పోతున్నాడు.

అది మొదట పసిగట్టింది వసంత.

"టోపీ పెట్టినకాడి నుంచి మాట మారింది, సూసినవా?" అంది మొగుడితో, బర్రె పాలు పితుకుతూ.

"సూసిన" అన్నాడు నర్సింగం.

"పెండ్లయితె ఆ పిల్ల ఊకుంటదా? సొంత సంపాదన ఉన్నది. వాటా పంచుమంటది. సగం పసుపు సేను పాయె, చేసే చేతులు పాయె. కూలికొచ్చే కైకిలోళ్ళు ఏడ దొరుకుతున్నరు?"

నర్సింగం తమ్ముణ్ణి ఎన్నడూ కొట్టలేదు. ఒక్క మాట అనలేదు. అన్నం ముందుగా తమ్ముడికే పెట్టమనేవాడు. నీళ్ళు పెట్టడానికి, మందు కొట్టడానికి, బస్తాలు మోయడానికి కూడా ముందుగా తమ్ముణ్ణే పంపేవాడు. మస్కట్ నుంచి వచ్చిన నాటి నుంచి ప్రేమ్‌కుమార్ ఆ చేనులో ఇద్దరి పని చేస్తున్నాడు. కూలి అడగలేదు. తల అట్లా ఉన్నవాణ్ణి అన్న సాకుతున్నాడని ఊరు అనేది. అతనూ అదే అనుకునేవాడు.

"మరి నువ్వే జెప్పరాదు పిల్లోళ్ళకు, గిట్లున్నది తల అని" అంది వసంత.

"నేను జెప్తె అన్నే చెడగొట్టిండంటరు. అవ్వ నన్ను బతుకనియ్యది. బుచ్చన్న మామ పది ఊర్లు తిరిగి జెప్తడు." నర్సింగం బర్రె వీపు నిమిరాడు. "నేను జెప్పద్దు. వాళ్ళే సూడాలె."

*

మొండయ్య పసుపు ఆకు కోసిన వారంలో పోయాడు. ఆకు కోశాక గడ్డ తవ్వేదాకా చేను కొన్నాళ్ళు ఖాళీగా పడి ఉంటుంది. ఆ ఖాళీలోనే పోయాడు. పాడె మోస్తున్నప్పుడు ప్రేమ్‌కుమార్ తలకు తువ్వాల చుట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆనాడు మొగవాళ్ళందరి తలలకూ తువ్వాలలే.

తర్వాత గుండ్ల మాట వచ్చింది. పెద్దకర్మ నాడు కొడుకులిద్దరూ గుండు చేయించుకోవాలని కులపెద్ద అన్నాడు. అరుగు మీద ఇరవైమంది ఉన్నారు.

"కొరివి పెట్టింది నేను" అన్నాడు నర్సింగం. "గుండు నేను జేయించుకుంట. తమ్ముని తలకు కుట్లు వడ్డయి, కత్తి తగులద్దన్నడు డాక్టరు. వాడు మీసం తీస్కుంటడు. నాయిన ఏమనుకోడు."

"అన్నంటె గట్లుండాలె" అన్నారు అందరూ. ప్రేమ్‌కుమార్ కండ్లు తుడుచుకున్నాడు.

ఇంకో పద్ధతి ఉంది. దినం నాడు, అంటే ఆ పెద్దకర్మ నాడే, కొడుకుల అత్తగారివాళ్ళు కొత్తబట్టలు తెచ్చి, తండ్రి పోయినవాడి తలకు తమ చేతులతో రుమాలు చుడతారు. తలపాగా అన్నమాట. నీకు మేమున్నాం అని చెప్పడం అది. పెండ్లికానివాడికైతే మేనమామ చుడతాడు. బుచ్చన్న అప్పటికే రుమాలు కొని పెట్టుకున్నాడు.

"మామా, నువ్వద్దు" అన్నాడు నర్సింగం. "గంభీరావుపేట పిల్ల నాయిన, కనకయ్య మామకు ఫోన్ జేసిన. ఆయననే వచ్చి తమ్మునికి సుట్టుమన్న."

బుచ్చన్న నెత్తి గోక్కున్నాడు. "ఇంక పూలు పండ్లు పెట్టి మాట ఖాయం జేసుకోలే గదరా. అప్పుడే రుమాలేంది?"

"ఊరందరి ముంగట సుడితె అయినట్టే గద. నాయిన లగ్గం సూడకుంటనే పాయె. ఆయన దినం నాడన్న ఖాయం గానియ్యి."

లక్ష్మవ్వ ఏడ్చింది, పెద్దకొడుకు మంచితనానికి. ఊరి ముందు రుమాలు చుట్టి తర్వాత సంబంధం వద్దన్నవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఒకసారి కనకయ్య చెయ్యి పడిందంటే ఇక లగ్గం ఆగదు. ప్రేమ్‌కుమార్‌కు అదొక్కటే కనిపించింది. మిగిలింది తర్వాత గుర్తొచ్చింది. అన్నను పెరట్లోకి పిలిచాడు.

"అన్నా, సుట్టాలంటె టోపీ తియ్యాలె గదా?"

"భుజం మీద ఏపిస్త. తలకు కుట్లున్నయి, సుట్టద్దు అంట. నేనుంట గదరా."

ఆ సంగతే భాగ్యశ్రీకి ఫోనులో చెప్పాడు. ఆమె వెనకాల మిషన్ల చప్పుడు వినిపించింది.

"భుజం మీద ఏసుడు నేను యాడ సూడలే. మా నాయిన తల మీదనే సుడతడు. ఉత్త తల మీద."

"అన్న మాటిచ్చిండు."

"మీ అన్న మొన్న మా నాయినతోటి గంటసేపు మాట్లాడిండు. మా నాయినతోటి గంటసేపు మాట్లాడేటోనికి ఏదో పనుంటది. నా మాటిను. ఆ దినం జొరమని పండుకో. మీ మేనమామతోటి ఇంట్లనే సుట్టిచ్చుకో."

"నాయిన దినం నాడు పండుకుంటనా? ఊరు ఏమంటది?"

"ఊరు ఇంకేమంటదో సూద్దువు."

"అన్న గట్ల చెయ్యడు."

"నీ ఇష్టం" అంది. ఫోను పెట్టేసింది.

*

ఇంటిముందు టెంటు వేశారు. కుర్చీ మీద మొండయ్య ఫోటో పెట్టి దండ వేశారు. ముందు కల్లుసీసా, ఆకులో అన్నం, మాంసం. ఊరు ఊరంతా కూర్చుంది. వంట దగ్గరి నుంచి పొగ టెంటు కిందికి వస్తోంది.

నర్సింగం గుండు నున్నగా మెరుస్తోంది. వసంత పుట్టింటివాళ్ళు ముందు వచ్చారు. ఆమె తండ్రి నర్సింగాన్ని ఫోటో ముందు పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, తెల్లరుమాలు తల చుట్టూ చుట్టాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. నర్సింగం కూడా ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే.

తర్వాత ప్రేమ్‌కుమార్ పీట మీద కూర్చున్నాడు. మట్టిరంగు టోపీ కుడికి కొంచెం వంగి ఉంది. కనుబొమ్మల మీద రెండు వేళ్ళ వదులు. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి, అక్కడి నుంచి కదలలేదు. ఆడవాళ్ళ వరుసలో తల్లి పక్కన భాగ్యశ్రీ కూర్చుని ఉంది. ఒక్కసారి అతని వైపు చూసి తల దించుకుంది.

కనకయ్య సాదాసీదా మనిషి. ఇంత జనం ముందు రుమాలు మడత విప్పి నిలబడ్డాడు.

ప్రేమ్‌కుమార్ అన్న వైపు చూశాడు. నర్సింగం లేచి వచ్చాడు.

"మామా, వాని తలకు కుట్లు వడ్డయి. భుజం మీద ఏసినా నడుస్తది" అన్నాడు అందరికీ వినబడేట్టు.

ప్రేమ్‌కుమార్ భుజం కనకయ్య వైపు కొంచెం వంచాడు.

"భుజం మీదనా?" అన్నాడు కులపెద్ద. "జాతరకచ్చిన సుట్టమా, భుజం మీద ఏసెతందుకు? తండ్రి సచ్చినోని తలకే సుట్టాలె."

నర్సింగం అప్పటికే తలూపుతున్నాడు, ఆ మాట కోసమే నిలబడ్డట్టు. "అదీ నిజమే. పెద్దలు గట్లంటె నేనేమంట? తమ్మీ, జరసేపే గద. నాయిన ముంగట టోపీ మంచిగుండది."

"అన్నా" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"నేనుంట గదరా" అన్నాడు నర్సింగం.

అన్న చెయ్యి వచ్చింది. దుమ్ము పడకుండా దులిపేవాడిలా, రెండు వేళ్ళతో అంచు పట్టి మెల్లగా టోపీని పైకి లేపింది.

ఆడవాళ్ళలో ఎవరో "అవ్వో" అన్నారు. పొద్దు టెంటు పక్క నుంచి ఎడమవైపు ఏటవాలుగా పడుతోంది. గుంతలో నీడ నిలిచింది. చర్మం కింద నాడి కొట్టుకుంటోంది, వేగంగా. వెనకవాళ్ళు లేచి నిలబడ్డారు. ముందువాళ్ళు తలలు పక్కకు వంచారు. రాజం ముందు వరుసలోనే ఉన్నాడు.

"సూడు, కొట్టుకుంటున్నది" అన్నాడు పక్కవాడితో. "లోపట మెదడే అది."

ఒకడు ఫోను పైకెత్తి పట్టాడు. ఇంకొకడు ఎత్తాడు. చిన్నపిల్ల ఒకతి తల్లి కొంగులో ముఖం దాచుకుని, మళ్ళీ తీసి చూసింది.

కనకయ్య చేతిలో రుమాలు అట్లాగే ఉంది. ఆయన కండ్లు గుంత మీది నుంచి కిందికి దిగాయి. నర్సింగం చేతిలో టోపీ తిరగబడి ఉంది. లోపల ఎడమవైపు, ఆకుపచ్చ గళ్ళ మెత్త.

ఆ గళ్ళు కనకయ్యకు తెలుసు. ఆ లుంగీ కట్టుకుని ఆయన చాలా ఏండ్లు పొలం దున్నాడు.

"గీ మెత్త ఎవరు కుట్టిండ్రు?"

"కోరుట్లల దర్జీ కుట్టిండు మామా" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"మంచి పనితనం" అంది వసంత పక్క నుంచి, మెల్లగా. "షర్టులు కుట్టేటోళ్ళ చెయ్యి లెక్కున్నది. పిల్లకు గిట్ల ఎరికేనేమో అడుగుండ్రి."

కనకయ్య బిడ్డ వైపు తిరిగాడు. ఊరంతా తిరిగింది. ఫోన్లు కూడా తిరిగాయి.

"నీకు తెలుసా?"

భాగ్యశ్రీ టోపీ వైపు చూసింది. టోపీ కింద ఉండవలసిన మనిషి వైపు చూడలేదు.

"నాకు తెల్వదు నాయినా."

ఆ మాట అబద్ధమని కనకయ్యకు తెలుసు. కాని ఇల్లు చేరడానికి ఆయనకు ఆ అబద్ధం కావాలి. ప్రేమ్‌కుమార్ కూడా అది చూశాడు.

"ఆమెకు తెల్వది మామా. నేనే చెప్పలే. ఎవ్వలకు చెప్పలే."

కనకయ్య రుమాలును మళ్ళీ మడత పెట్టాడు. నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. మడత పెట్టినదాన్ని ప్రేమ్‌కుమార్ భుజం మీద పెట్టాడు. భార్యకు కన్నుసైగ చేశాడు. ముగ్గురూ లేచారు.

"మామా, తినకుంట పోతరా? దినం బువ్వ" అంటూ నర్సింగం ఆటో దాకా వెంటపోయాడు. టోపీ ఇంకా అతని చేతిలోనే ఉంది.

బుచ్చన్న సంచిలో రుమాలు ఉంది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు కాని తీయలేదు. పది ఊళ్ళలో సంబంధాలు చూసే మనిషి. ఉత్త కుట్లేనని తనను నమ్మించారని అక్క మీద కోపం. విస్తరి వేస్తే పోయి తిన్నాడు. లక్ష్మవ్వ కొడుకు దగ్గరికి వచ్చి, భుజం మీది రుమాలు తీసి తలకు చుట్టబోయింది.

"ఆడిమనిషి సుట్టద్దవ్వా" అన్నాడు కులపెద్ద. "మంచిది గాదు."

ముసలామె చెయ్యి వెనక్కి పోయింది. ప్రేమ్‌కుమార్ ఉత్త తలతో పీట మీద కూర్చునే ఉన్నాడు. జనం తింటూ తింటూ ఒక్కొక్కరే వచ్చి చూసిపోయారు. ముట్టుకోవచ్చా అని ఒకాయన అడిగాడు.

పొద్దుగూకే వేళకు టెంటు విప్పుతుంటే నర్సింగం అన్నం పెట్టుకొచ్చాడు. మాంసం ముక్కలు ఏరి తమ్ముడి వైపు వేశాడు.

"తిను. బాధపడకు. జెప్పిన గద, భుజం మీదనే ఏపిస్తనని."

*

రెండు రోజులకు భాగ్యశ్రీ ఫోను చేసింది. ఎత్తాడు.

"గంతమందిల నేనింకేం చెప్తును?" అంది.

"మంచిదే చెప్పినవ్."

"మా నాయిన పెద్దపెల్లి సంబంధం మాట్లాడుతున్నడు. టోపీ లేనోడు." కాస్త ఆగింది. "నేను పండుకో అన్న. నువ్వు మీ అన్నను నమ్మినవ్. నన్ను నమ్మలే."

ఆమె మళ్ళీ చేయలేదు.

ఊరు అతనికి కొత్త పేరు పెట్టింది. గుంత పేము. ఆ దినం నాటి వీడియో జగిత్యాలలో కూడా చూశారని రాజం గొప్పగా చెప్పాడు. హోటలు ముందు ఇప్పుడు అతనితో ఎవరూ పరాచికాలాడరు. జరిగి చోటిస్తారు. చూపు మాత్రం ఎడమ చెవి పైననే ఉంటుంది. దాచడానికి ఏమీ లేదు కాబట్టి అతను నెత్తికి ఏదైనా పెట్టుకోవడమే మానేశాడు. చేతికి వచ్చిన పని చేస్తున్నాడు. కోరుట్లకు పోవాలంటే మళ్ళీ "పోనా అన్నా?" అంటున్నాడు.

పసుపు తవ్వడం మొదలైంది. కైకిలోళ్ళు దొరకలేదు. అన్నదమ్ములిద్దరే దిగారు. మాఘమాసం ఎండ మధ్యాహ్నానికి బాగానే కాలుతోంది. ప్రేమ్‌కుమార్ గడ్డపారతో గడ్డ లేపుతున్నాడు. నర్సింగం ముందు గొంతుక్కూర్చుని, లేపిన గడ్డలను మట్టి దులిపి కుప్ప వేస్తున్నాడు.

కాసేపటికి నర్సింగం గట్టు మీదికి పోయి సంచిలోంచి మట్టిరంగు టోపీ తీశాడు. గుండు మీద పెట్టుకున్నాడు.

"నెత్తి కాలుతున్నదిరా. గుండాయె. నువ్వెట్లాగు పెట్టుకుంటలేవు గద?"

"పెట్టుకోన్నా."

"మెత్తగున్నది. జర పెద్దది, జారుతున్నది."

మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. టోపీ కండ్ల మీదికి జారింది. పైకి తోశాడు. రెండు గడ్డలు దులిపాడు, మళ్ళీ తోశాడు. టోపీ ఎడమకు వంగి ఉంది. అంచు పట్టుకుంటున్నాడు, వదులుతున్నాడు, పట్టుకుంటున్నాడు.

ప్రేమ్‌కుమార్ గడ్డపార లేపి అట్లాగే నిలబడ్డాడు. అన్న తల అతని మోకాళ్ళ ఎత్తున ఉంది. ఆ టోపీ లోపల మెత్త ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అతనికి తెలుసు. మెత్త లేని చోటు ఏదో కూడా తెలుసు. ఇనుము పైనుంచి పడితే ఏమవుతుందో ఆ చేనులో అతని కంటే బాగా తెలిసినవాడు లేడు.

చప్పుడు ఆగిందని నర్సింగం తల ఎత్తాడు. గడ్డపార చూశాడు. తమ్ముడి ముఖం చూశాడు. చేతిలోని పసుపుగడ్డ జారిపోయింది. కూర్చున్నచోటనే వెనక్కి జరగబోయాడు. చెయ్యి టోపీ మీదికి పోయింది.

"ఏందిరా? ఏంది గట్ల సూస్తున్నవ్?"

"మాటిమాటికి పట్టుకోకన్నా" అన్నాడు ప్రేమ్‌కుమార్. "అందరి కండ్లు ఆడికే పోతయి."

గడ్డపార దిగింది. అన్న కాలి పక్కన, జానెడు దూరంలో, పసుపు మొదట్లో. ప్రేమ్‌కుమార్ దాన్ని వంచి గడ్డ పైకి లేపి, తర్వాతి మొదలు దగ్గరికి జరిగాడు.

నర్సింగం ఆ పొద్దంతా తమ్ముడికి వీపు తిప్పలేదు. టోపీ మీది నుంచి చెయ్యి కూడా తీయలేదు.